చింగ్ అంటే ఏ రంగు

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు బాచుపల్లిలో కొత్త ఫ్లాటు కొనుక్కుని పాలు పొంగించుకున్నప్పుడు, ఆఫీసులో ఎవరో కానుకగా ఇచ్చిన టీ కప్పుల పెట్టె విప్పుతూ, దాని మూత మీదున్న చైనా అక్షరాలకు ఫోను అడ్డం పెట్టి చూసి పకపకా నవ్వింది. తెల్లటి పింగాణీ కప్పుల మీద ముచ్చటైన నీలం పువ్వులుంటే, ఫోనేమో ఆకుపచ్చ పువ్వులని చెబుతోందట. పెద్దమ్మా, మీ చైనావాళ్ళకి రంగులు తెలియవా అని దాని వేళాకోళం. నేనూ నవ్వబోయాను గానీ, ఆ రెండక్షరాల్లో మొదటిదాన్ని చూసేసరికి నవ్వు రాలేదు. దాన్ని చింగ్ అంటారు. ఆ అక్షరాన్ని చేత్తో రాసి చాలా ఏళ్ళయింది, కానీ చూసిన ప్రతిసారీ నాకు మూసాపేటలో ఒక మేడ మీది గది, ఆ గదిలో మంచం అంచున కూర్చున్న ఒక తల్లి, ఆవిడ ఒళ్ళో రెండు నెలల పిల్ల కళ్ళముందు కదులుతారు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మీలో ఆ రోజుల్లో సైబరాబాదు వైపు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, అద్దాల భవనం ఒకటి, దాని పక్కన ఏనుగంత బండరాళ్ళు, వాటి నీడలో ఇడ్లీబండి, ఆ బండి దగ్గర మెడలో కార్డులు వేలాడేసుకుని నిలబడి తినే పిల్లలు. వాళ్ళ మధ్య ముప్పై దాటిన నేను, నేతచీర కట్టుకుని, టిఫిను డబ్బా పట్టుకుని, మియాపూర్ నుంచి షేరు ఆటోలో దుమ్ము కొట్టుకుంటూ వచ్చి దిగేదాన్ని. సెక్యూరిటీ అతను చాలా రోజులు నన్ను ఎవరి కోసమో వచ్చిన చుట్టాన్ననుకుని కుర్చీ చూపించేవాడు.

మాది కాకినాడ. మావారి సర్కారు ఉద్యోగం హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు మొదట సికింద్రాబాదులో అద్దెకున్నాం. ఎమ్మే ఇంగ్లీషు చదివీ ఇంట్లో కూర్చున్న నాకు పక్కవాటాలో ఉండే ఒక పెద్దావిడతో స్నేహం కుదిరింది. ఆవిడ చైనా వంశపు మనిషి. పుట్టింది కలకత్తాలో, కోడలిగా వచ్చింది ఇక్కడికి. చిన్నప్పుడు కలకత్తాలో చైనా బడిలో చదువుకుందట. ఇంటి ముందుగదిలో బ్యూటీపార్లర్ నడిపేది. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు, కాస్త తెలుగు అన్నీ కలిపి మాట్లాడేది. మధ్యాహ్నాలు బేరాలు లేనప్పుడు సరదాకి నాలుగక్షరాలు నేర్పమన్నాను. సరదా కాస్తా పిచ్చయింది. ఆరేళ్ళపాటు ఆవిడ దగ్గరే చదువుకుని పరీక్షలు కూడా రాశాను. మావాళ్ళంతా, సంగీతమో కుట్లూ అల్లికలో నేర్చుకోక ఇదేం చదువని బుగ్గలు నొక్కుకున్నారు.

రంగుల పాఠం నాకు బాగా గుర్తు. ఎరుపు చెప్పింది, పెళ్ళిళ్ళకూ శుభాలకూ అదేనంది. తెలుపు చెప్పింది, అది చావింటి రంగంది. ఆ తరవాత చింగ్ దగ్గరకొచ్చేసరికి పలకా బలపం పక్కన పెట్టేసింది. కూరగాయల బుట్టలోంచి ఉల్లికాడ తీసి చూపించి చింగ్ అంది. కిటికీ తెరిచి ఆకాశం చూపించి అదీ చింగ్ అంది. పండని మామిడికాయ చింగే. చివరికి నా జడ పట్టుకుని ముందుకు లాగి, ఇదీ చింగే అంటే నాకు మతిపోయింది. ఆకూ, ఆకాశమూ, నల్లటి జుట్టూ అన్నిటికీ ఒకటే మాటయితే మనిషి ఎలా అర్థం చేసుకుంటాడండీ అని అడిగాను. చింగ్ అని ఎవరైనా అన్నప్పుడు ఏ రంగని అడక్కు, దేని రంగని అడుగు అని చెప్పింది.

నవ్వుకున్నాను గానీ, ఇంటికొచ్చి పోపు వేస్తూ ఆలోచిస్తే మన పచ్చ మాత్రం తక్కువదా అనిపించింది. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే, కాయా పచ్చే, మానని పుండూ పచ్చే, చల్లగా సాగే సంసారమూ పచ్చే. కామెర్లు వచ్చినా ఒళ్ళు పచ్చబడిందనే అంటాం. పుట్టినప్పటినుంచీ నోట్లో నానిన మాట కాబట్టి మనకు తికమక తెలియదు. తికమక ఎక్కడ వస్తుందంటే, ఒకరి మాట ఇంకొకరి మాటలోకి దాటేటప్పుడు.

మా కంపెనీ పని, ఫోను టవర్ల మీద బిగించే యంత్రాల పుస్తకాలను చైనా భాషనుంచి ఇంగ్లీషులోకి మార్చడం. ఆ యంత్రాలు బిగించడానికి అక్కడినుంచి ఇంజనీర్లు దండిగా వచ్చేవారు. కొండాపూర్, కూకట్‌పల్లి, మూసాపేట వైపు ఇళ్ళు కిరాయికి తీసుకుని ఉండేవారు. వాళ్ళకు గ్యాసు బండ కావాలన్నా, ఆటోవాడితో తగువొచ్చినా మాకే ఫోను చేసేవారు. ఆ ఫోన్లు ఎత్తే పని మాలో అందరికన్నా చిన్నవాడికి అప్పగించారు. కడప అబ్బాయి. ఢిల్లీలో రెండేళ్ళు చైనా భాష చదువుకొచ్చాడు. బుద్ధిమంతుడు, మాట నెమ్మది. నన్ను అక్కా అని పిలిచేవాడు.

ఒకరోజు క్యాంటీనులో భోజనం చేస్తూ ఆ అబ్బాయి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఏమైందంటే చెప్పాడు. మూసాపేటలో ఉంటున్న ఒక ఇంజనీరు భార్య ఫోను చేస్తోందట. భర్త టవర్ల పని మీద ఆదిలాబాదు వైపు వెళ్ళాడు. పిల్లకు ఒంట్లో బాగాలేదు. ఇంటి ఓనరమ్మ తోడొస్తే దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి కేరళ నర్సు ఫోను అందుకుంటే ఈ అబ్బాయి ఆ తల్లి మాటను ఇంగ్లీషులో చెప్పాడు. నర్సు దాన్ని తన వచ్చీరాని తెలుగులో డాక్టరుకు చెప్పింది. పాప పచ్చబడుతోందంటున్నారు సార్ అని. కామెర్లేమోనని డాక్టరు కళ్ళూ గోళ్ళూ చూసి, రక్తపరీక్ష చేయించి, ఏమీ లేదు, పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెట్టండి అని పంపించాడు. వారం తిరిగేలోగా ఆవిడ మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట, అదే ఎండ. తొలి చూలు బిడ్డ, పరాయి దేశం, భయపడుతోంది పాపం అనుకున్నారందరూ.

"రక్తంలో ఏమీ లేదంట అక్కా. అయినా ఆయమ్మ దినామూ ఫోన్ చేసి ఏడుస్తాంది. నాకేం చెప్పాల్నో తెలీడంలే" అన్నాడు.

ఆవిడ ఏ మాట వాడిందని అడిగాను.

"చింగ్ అనింది. మొగం చింగ్ అవుతాందని. గ్రీన్ అనే కదక్కా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆకూ ఆకాశమూ జుట్టూ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆ పిల్ల ముఖం వీటిలో దేనిలా అవుతోందో ఎవరైనా అడిగారా అంటే, అడగలేదన్నాడు. ఎవరు అడుగుతారు? డిక్షనరీలో మొదటి అర్థం అదే. పిల్లవాడు చెప్పింది తప్పు కాదు. నర్సు చెప్పిందీ తప్పు కాదు. డాక్టరు వెతికిన కామెర్లు నిజంగానే లేవు. ఒక్కొక్కరూ తమ మేరకు సరిగ్గానే చెబితే ఆ తల్లి మాట కాస్తా ఎండలో పడుకోబెట్టడం దగ్గర ఆగిపోయింది.

మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి మధ్యాహ్నం సెలవు కావాలన్నాను. ఆయనది మా గోదావరి వైపే, మర్యాద తెలిసిన మనిషి. కానీ ఆ వారం పెద్ద పుస్తకం ఒకటి పంపించాలి.

"డెలివరీ దగ్గర పెట్టుకుని ఇదేంటండీ మేడం? డాక్టర్లు చూశారు కదా. ఇది మన పని కాదండీ" అన్నారు.

వాదించే ఓపిక లేకపోయింది. చెప్పులేసుకుని కిందికి దిగి ఆటో ఎక్కాను. ఉద్యోగం చేస్తున్న ఆడదానికి ఆ రోజుల్లో అలా మధ్యలో లేచి వెళ్ళడం ఎంత పనో నా తోటివాళ్ళకు తెలుసు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఉత్తిపుణ్యానికి నేనే ఏదో ఊహించుకుంటున్నానేమోనని దారంతా సందేహమే. వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది.

ఓనరమ్మ గేటు దగ్గరే కనిపించింది. నుదుట పెద్ద బొట్టు, కొంగు నడుముకు దోపుకుని బియ్యం చెరుగుతోంది. ఆఫీసునుంచి వచ్చానంటే చేట పక్కన పెట్టి లేచింది.

"మంచిగొచ్చినవమ్మా. ఆ పిల్ల మాట నాకు సమజైతలేదు, నా మాట ఆ పిల్లకు సమజైతలేదు. పొద్దుమాపు నా తాన కూసొని ఏడుస్తది. నేను గూడ పరేషాన్ అయితున్న" అంటూ మేడ మీదికి దారి తీసింది.

ఆ తల్లికి పాతికేళ్ళుంటాయేమో. నేను వాళ్ళ భాషలో పలకరించగానే ముందు నమ్మలేదు. తరవాత నా రెండు చేతులూ పట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. సగం నాకు అర్థం కాలేదు, ఆవిడ పల్లెటూరి యాస, నాది సికింద్రాబాదు బ్యూటీపార్లర్‌లో నేర్చిన భాష. నెమ్మదిగా చెప్పమని, మా టీచరమ్మ నేర్పిన ప్రశ్నే అడిగాను. చింగ్ అంటున్నావు కదమ్మా, దేని రంగులాగా?

ఆవిడ గదంతా కలయజూసింది. కిటికీ బయట ఓనరమ్మ కరివేపాకు చెట్టు కనిపిస్తోంది, అది కాదన్నట్టు తలూపింది. తరవాత పైజామా మోకాలిదాకా పైకి లాగింది. కింద ఇనపగేటుకు కొట్టుకున్న దెబ్బ తాలూకు కమిలిన మచ్చ, నీలమూ నలుపూ కలిసి, రూపాయి బిళ్ళంత ఉంది. దాని మీద వేలు పెట్టి, తరవాత అదే వేలు నిద్రపోతున్న పిల్ల పెదవుల మీద పెట్టింది. పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు ఈ రంగొస్తుంది. డాక్టరు చూసేటప్పుడు పిల్ల నిద్రపోతూ ఉంటుంది, ఏమీ కనిపించదు. అదీ ఆవిడ అన్నాళ్ళుగా చెబుతున్నది.

మేం మాట్లాడుతుండగానే పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. చూస్తుండగానే పెదవులు, ముక్కు చుట్టూ, చిట్టి గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఏడుపు కాస్తా ఎగశ్వాసగా మారింది.

"అయ్యో, ఏందమ్మా ఇది! పిల్ల నల్లవడుతున్నది!" అని ఓనరమ్మ గుండెలు బాదుకుంది.

తల్లి మాత్రం కంగారు పడలేదు. పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు రెండూ మడిచి రొమ్ముకు అదిమి పట్టుకుంది. నెమ్మదిగా రంగు తేరుకుంది. ఆ పని ఎవరూ నేర్పలేదట. ఒళ్ళో పెట్టుకుని కూర్చోగా కూర్చోగా తనే కనిపెట్టుకుందట. ఆ గదిలో ఒక్కత్తే, రోజుకెన్నిసార్లు చేసిందో!

"ఆటో పిలుస్త, పెద్ద దవాఖానకు తీస్కపోదాం. నువ్వు ఫికర్ జేయకు బిడ్డా" అని ఓనరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. ఆ ఒక్క మాటా నేను మార్చి చెప్పక్కర్లేకుండానే ఆ తల్లికి అర్థమైంది.

పెద్దాసుపత్రిలో పిల్లల గుండె డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని, చెవికి గొట్టం తగిలించుకుని చూసి, పరీక్షలు చేయించి చెప్పింది. గుండె గదుల మధ్య రంధ్రం ఉంది, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఒకరోజు మోకాళ్ళు మడిచినా రంగు తిరిగి రాకపోయేది. ఈ మడవడం ఎవరు నేర్పారని డాక్టరమ్మ అడిగితే, నేను ఆ ప్రశ్నను తల్లికి చెప్పాను. తల్లి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అంతదాకా ఆవిడను ఎవరూ ఏదీ అడగలేదు కాబోలు.

మర్నాటికి భర్త బస్సుల మీద బస్సులు మారి వచ్చాడు. అప్పటికప్పుడు చిన్న ఆపరేషను చేసి ఊపిరితిత్తులకు రక్తం అందేట్టు చేశారు. అసలుది పిల్ల కాస్త ఎదిగాక చేయాలి, అది మీ దేశంలో చేయించుకోవచ్చన్నారు. ఆ పదిహేను రోజులూ నేను ఆఫీసుకూ ఆసుపత్రికీ మధ్య తిరిగాను. ఆపరేషను అయ్యాక పిల్లకు తెల్లదుప్పటి కప్పితే తల్లి బిత్తరపోయి తీసేయమంది. చావింటి రంగని గుర్తొచ్చి, నేను ఇంటినుంచి ఎర్రటి పాతచీర ముక్క ఉతికి తెచ్చి ఇచ్చాను. నర్సులు ముందు గొణిగినా పక్కన పెట్టుకోనిచ్చారు. పిల్ల పెదవులు గులాబీరంగుకు వచ్చిన రోజున ఆ తల్లి నన్ను పిలిచి, వాటి మీద వేలు పెట్టి చూపించింది.

అంతా సుఖాంతమే కదా అంటారు మీరు. పిల్ల వరకూ సుఖాంతమే. కానీ ఆ తరవాత మా ఆఫీసులో జరిగినది నన్ను ఇప్పటికీ తినేస్తూ ఉంటుంది. ఆ ఇంజనీరు పనిచేసే కంపెనీవాళ్ళు, ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యమైందని మావాళ్ళను అడిగారు. ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. కడప అబ్బాయిని మీటింగు గదిలోకి పిలిచారు. నేను కూడా లోపలికి వెళ్ళి, ఆ మాటకు ఆకుపచ్చ అనే అర్థం నిజంగానే ఉందనీ, తప్పు వాడిది కాదనీ, కళ్ళెదుట మనిషి లేకుండా ఫోనులో రంగు చెప్పమనడమే తప్పనీ చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. వినడం వరకే.

అబ్బాయి ఆ సాయంత్రం బండరాళ్ళ దగ్గర నిలబడి, "డిక్షనరీలో ఉండేదే చెప్పినా గదక్కా" అన్నాడు. నీ తప్పేం లేదు నాయనా అంటే, "పిల్ల పోయింటే?" అన్నాడు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. ఎంత బతిమాలినా ఆ భాష జోలికి మళ్ళీ రాలేదు.

చాలా ఏళ్ళ తరవాత ఒక స్థలం చూడ్డానికి వెళితే, ఆ వెంచరు తనదేనంటూ ఎదురొచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు, మెడలో గొలుసు, చేతిలో మడతపెట్టిన లేఅవుటు మ్యాపు. ఎంతో ప్రేమగా మాట్లాడాడు, కొబ్బరినీళ్ళు తాగించాడు. నేను ఉండబట్టలేక చైనా భాష ఇంకా గుర్తుందా అని అడిగాను. మ్యాపులో పార్కు కోసం వదిలిన ఆకుపచ్చ ముక్క చూపించి, "ఇప్పుడు నాకు గ్రీన్ అంటే ఇదొకటేనక్కా" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. వాడి ఉచ్చారణ నాకన్నా ఎంతో బాగుండేది.

ఆ చైనా కుటుంబం కూడా ఆ ఏడాదే వెళ్ళిపోయింది. మరో ఏడాదికి, రెండోసారి ఆపరేషను బాగా జరిగిందని ఒక ఈమెయిలు వచ్చింది, మంచులో ఎర్రకోటు తొడుక్కుని నిలబడిన పిల్ల ఫోటోతో సహా. నేను జవాబిచ్చాను. కొన్నాళ్ళకు రాసినది తిరిగొచ్చేసింది, ఆ చిరునామా లేదని. ఓనరమ్మ ఉన్నన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా, "మన బిడ్డ ముచ్చటేమైన తెలిసిందా?" అని అడిగేది. ఇప్పుడు ఆవిడా లేదు. మా టీచరమ్మ అంతకుముందే పోయింది. నా పాఠం ఎక్కడ అక్కరకొచ్చిందో ఆవిడకు చెప్పినప్పుడు, చేతిలో దువ్వెన పక్కన పెట్టి, పాఠం చెప్పిన రోజులాగే నా జడ పట్టుకుని ముందుకు లాగింది.

క్రమంగా ఇంజనీర్లు రావడం తగ్గి, ఆగిపోయింది. మా విభాగంలో మనుషులు చేసే పని కంప్యూటరుకిచ్చి, అది రాసినదాన్ని దిద్దే పని మాకు మిగిల్చారు. కొన్నాళ్ళకు ఆ దిద్దడమూ అక్కర్లేకపోయింది. నేను ఉద్యోగం చాలించుకున్నాను.

కప్పుల పెట్టె చూసి వచ్చిన మర్నాడు నేనూ ఫోను తీసుకుని, పాలు తాగేటప్పుడు పిల్ల పెదవులు చింగ్ అవుతున్నాయి అని వాళ్ళ భాషలో వాక్యమంతా టైపు చేసి చూశాను. నీలంగా మారుతున్నాయి, వెంటనే డాక్టరుకు చూపించండి అని రెప్పపాటులో చెప్పింది. కప్పుల మీది పువ్వుల దగ్గర తడబడితే తడబడింది గానీ, ఇక్కడ తడబడలేదు. సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఆనాడు ఇదే ఉంటే ఆ తల్లి అన్ని రోజులు ఒక్కత్తే పిల్ల మోకాళ్ళు మడుస్తూ కూర్చునేది కాదు, ఆ అబ్బాయి తనకిష్టమైన చదువు వదిలేసేవాడు కాదు. అయినా ఫోను పక్కన పెట్టాక, ఇల్లంతా ఎందుకో వెలితిగా అనిపించింది. ఇప్పుడు అలాంటి గది ఎక్కడైనా ఉంటే, నాలాంటిది ఒకతె ఆటో ఎక్కి వెళ్ళాల్సిన పనిలేదు. వెళ్ళకపోతే ఓనరమ్మలూ పరిచయం కారు.

ఆ పిల్లకిప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఎక్కడుందో, ఏం చదువుతోందో, ఎదమీది కుట్టు గుర్తును చూసుకుని తల్లినేమైనా అడుగుతుందో లేదో. వాళ్ళ భాషలో ఆ ఈడుకు ఒక పేరుంది. చింగ్‌చున్ అంటారు. మనం నవయవ్వనం అంటాం చూశారూ, అదే. చున్ అంటే వసంతం. ఈ మాటలో చింగ్ అంటే ఏ రంగని మాత్రం నన్నెవరూ అడగలేదు. అడిగితే, ఆ పిల్ల రంగని చెబుతాను.